చెరొక చెవి

సల్మాబాద్‌ల బేస్తారం రాత్రి.
రేపు డ్యూటీ లేదు, అందుకే గదినిండ చేపల పులుసు వాసన,
ఎనిమిది మంచాల కింద పదహారు చెప్పులు,
కిటికీకి ఇరికిచ్చిన పాత ఏసీ
ముసలి లారీ గుట్ట ఎక్కుతున్నట్టు మొత్తుకుంటున్నది.

పైమంచం మీద నేను, లింబాద్రి.
ఫోను నాది, ఇయర్‌ఫోను ఆయనది.
తీగ పొట్టిది, తలలు ఆనిచ్చాల్సిందే.
చెరొక చెవి.

ఆ సినిమా ఎవరో పెన్‌డ్రైవ్‌ల తెచ్చిచ్చిండ్రు.
మాటలు ఎడమకు, సంగీతం కుడికి,
వేరుపడ్డ అన్నదమ్ముల లెక్క చీలిపోయి ఉన్నది.
మాకేమెరుక, గంటసేపు చూసినంక గాని.

తెరమీద ఒకామె తలుపు తీసింది.
లింబాద్రి చెవిల:
"వచ్చినవా? కాళ్లు కడుక్కో, అన్నం చల్లారుతది."
నా చెవిల:
వాయిద్యమో మనిషో తెల్వని ఒక్క గొంతు,
కిందికి, ఇంకా కిందికి,
బావిల బొక్కెన దిగుతున్నట్టు.
ఆయన నవ్విండు, "మా ఇంటిదాని లెక్కనే ఉన్నదిరా."
నాకు గుండె జారింది.
ఆ మనిషి ఆ అన్నం తినడని తెలిసిపోయింది.
అదే తలుపు, అదే ఆమె, అదే కంచం.

చెవులు మార్చుకున్నం.
ఇప్పుడు ఆయన మొఖం చిన్నగయింది,
నేను అన్నం సంగతి వింటున్న.

"గిదేంది," అన్నడు, "ముందుగాల పాడె చూపెట్టిండు,
ఇప్పుడు పెండ్లిచూపులంటడు.
కథను తోకపట్టి గుంజుడేంది?"
నేనన్న: సచ్చిండని ఎరుకైనంక చూస్తే
ఆ పెండ్లిచూపులల్ల వాడు మిక్చరు నములుడు సుత
కండ్లల్ల నీళ్లు తెప్పిస్తది గద, అందుకు.
లింబాద్రి ఏమనలే.
సినిమా ఆపలే, చూడనూ లే.

భోజన్న కథ ఆయన నూరుసార్లు చెప్పిండు.
ఎన్నడు చెప్పినా చాయ్‌తోనే మొదలు.
సీఫ్ దిక్కు కడుతున్న హోటలు, పదకొండో అంతస్తు,
పొద్దుగాల పది, ఫ్లాస్కుల నల్ల చాయ్,
భోజన్నకు మూడు చెంచాల చక్కెర,
ఫోర్‌మన్ ఎట్ల నడుస్తడో భోజన్న నడిచి చూపెట్టుడు,
అందరు పొట్టలు పట్టుకునుడు.
ఇగ ఫ్లాస్కు మూత బిగించుడు.
అక్కడ ఆపుతడు.
ఎన్నడూ ఆ మూత దాటలే.
గందుకే భోజన్న ఇప్పటిదాక
పదకొండో అంతస్తుల నవ్వుకుంట నిలవడే ఉన్నడు.

ఆ తర్వాతిది చూసినోడు ఆయనొక్కడే.
డ్రిల్లు పట్టుకొని ఉండె, చెవులకు డొప్పలు.
పలక జారుడు, చెయ్యి గాలిని పట్టుకునుడు,
అంతా చూసిండు, చప్పుడు లేకుంట.
నేను కింద సిమెంటు సంచుల చాటున ఉంటి.
ఏం చూడలే.
విన్న.

బొమ్మ ఆయన తాన, చప్పుడు నా తాన.
నాలుగేండ్లాయె ఒక్క గదిల పండుకోవట్టి,
రెండింటినీ ఎన్నడూ కలుపలే.
ఆ హోటలు కింద ఇప్పుడు సినిమా హాళ్లున్నయంట,
తలుపులు మందమంట,
లోపలి చప్పుడు ఇసుమంత బయటికి రాదంట.

ఫోనుల ఆమె కంచం ముందట కూసున్నది.
సంగీతం సుత ఆగింది.
ఆయన చెవిల ఏం లేదు, నా చెవిల ఏం లేదు,
సినిమా మొత్తంల గంత పెద్దగ వినబడ్డది గదొక్కటే.
అప్పుడే కరెంటు పోయి ఏసీ నోరు మూసింది.
కింది మంచంల ధన్‌బహదూర్ దిగ్గున లేచి కూసున్నడు,
ఎవరో పిలిచినట్టు.

చీకట్ల లింబాద్రి అడిగిండు,
గోడ దిక్కు మొఖం పెట్టి, మెల్లగ:
"ఆ పొద్దు... పెద్దగ వినబడ్డదారా?"

గొంతుదాక వచ్చింది.
మింగిన.
"చెంచా చప్పుడు విన్న, అన్నా.
భోజన్న చక్కెర కలుపుతుండె."

పదకొండు అంతస్తుల కిందికి
చెంచా చప్పుడు దిగదని ఆయనకెరుక.
చానసేపు ఊపిరి తప్ప ఏం లేదు.

"మూడు చెంచాలు," అన్నడు.